ఇంకా రాని తారీకు

జూలై 19, 2004, సోమవారం

కొత్త కంప్యూటరు వచ్చింది. నా టేబులు మీదే పెట్టించాను. దీన్ని అనూరాధ గారు, అంటే నేను, తప్ప ఎవరూ ముట్టుకోకూడదని ఓనరు అమ్మిరాజు గారి చేత అందరి ముందూ చెప్పించుకున్నాను.

పన్నెండేళ్ళు ఈ గదిలోనే టైపు నేర్పాను. గడియార స్తంభం సెంటర్లో ఎరువుల కొట్టు మీద మేడ, ఇరవై టైపు మిషన్లు, గోల. మిషన్లు పాత ఇనుముకి వెళ్ళిపోయాక అమ్మిరాజు గారు ఇన్‌స్టిట్యూటు బోర్డు చెరిపించి సాఫ్ట్‌వేర్ అని రాయించారు. నన్ను కూడా ఉంచుకున్నారు. జాలిపడి ఉంచుకున్నారని ప్రోగ్రాములు రాసే కుర్రాడు వీరబాబు అనుకుంటాడు. పైకి అనడు, "టీచరు గారూ" అని పిలిచే తీరులోనే ఉంటుంది ఆ సంగతి.

ఇకనుంచి బిల్డు నాది. ముగ్గురు కుర్రాళ్ళు తలా ఒక ముక్క రాస్తారు. అవన్నీ తెచ్చి, ఒక వరసలో కట్టి, నడిచే ప్రోగ్రాము చేసి సీడీకి ఎక్కించాలి. ఇన్నాళ్ళూ చేత్తో చేసి ప్రతిసారీ ఎవరిదో ఒక ముక్క మర్చిపోయేవాళ్ళం. ఇప్పుడు దానికో సాధనం ఉంది. దాని పేరు ఇంగ్లీషులో యాంట్, అంటే చీమ. ఎక్కణ్ణుంచి తేవాలో, ఏది ముందో, ఏది వెనకో సెట్టింగుల ఫైల్లో రాసి పెడితే అదే చేసుకుపోతుందట.

జూలై 20

పొద్దున్నుంచీ సెట్టింగులే. ఒక చోట ముగింపు గుర్తు మర్చిపోయి మూడు సార్లు ఫెయిలైంది. టైపు పరీక్షకి తప్పులు దిద్దిన కళ్ళు నావి, నాకే దొరకలేదు. వీరబాబు వెనకనుంచి తొంగి చూసి "పన్నెండో లైనండి" అన్నాడు. నేనూ అప్పుడే చూశాను.

నాలుగూ పదికి తెర మీద "బిల్డ్ సక్సెస్‌ఫుల్" అని పడింది. ఎంత సంతోషమేసిందో! కిందికెళ్ళి అందరికీ బజ్జీలు తెప్పించాను, వీరబాబుకి కూడా.

ఒక్కటే బాధ. మొత్తం బిల్డుకి పదకొండు నిమిషాలు పడుతోంది. కరెంటు పోతే యూపీయస్సు తొమ్మిది నిమిషాలే ఆగుతుంది.

జూలై 21, బుధవారం

అమ్మిరాజు గారు పంచాంగం పట్టుకుని వచ్చారు. ఆషాఢం పోయిందనుకుంటే అధిక శ్రావణం వచ్చి కూర్చుంది, ఆగస్టు సగం దాకా కొత్త పని ఏదీ మొదలెట్టకూడదట. ముత్యాలరాజు గారి రొయ్యల హ్యాచరీకి ప్రోగ్రాము రేపే ఇవ్వాలి. రొయ్యపిల్లలు అధిక మాసం చూసుకుని గుడ్లలోంచి రావు కదా.

"ఆగస్టు ఇరవై, మొదటి శ్రావణ శుక్రవారం, తొమ్మిదీ పన్నెండుకి దివ్యమైన ముహూర్తం ఉందండి. కంప్యూటర్లో తారీకు ఆ రోజుకి పెట్టేసి అప్పుడు బిల్డు కొట్టండి. పుట్టిన తారీకు మంచిదైతే చాలండి."

"అబద్ధపు తారీకు కదండీ?"

"మనిషికైతే అబద్ధం. మిషనుకేం ఉందండి?"

నవ్వొచ్చింది. తారీకు నెల రోజులు ముందుకి జరిపాను, బిల్డు కొట్టాను, అయ్యాక మళ్ళీ వెనక్కి జరిపాను. ఆయన అగరొత్తి వెలిగించారు. నేను సీడీ మీద మార్కరుతో 2.0 అని రాశాను. ఎవరికీ నష్టం లేని పని, పెద్దాయన మనసు కుదుటపడింది.

జూలై 23

రెండు రోజుల్లో నాలుగు సార్లు కరెంటు పోయింది. అప్పుడు బిల్డు నడుస్తుంటే మధ్యలోనే చచ్చేది. ఊరుకుంటానా! సెట్టింగులన్నీ మళ్ళీ చదివాను. మొదటి లైను "పాతవన్నీ తుడిచెయ్యి" అని ఉంది. అందువల్ల ప్రతిసారీ మొదటినుంచీ కట్టాల్సి వస్తోంది. ఆ లైను తీసేశాను. ఇప్పుడు చీమ ఒక్కో ముక్కకీ రెండు తారీకులు చూస్తుంది: రాసిన తారీకు, కట్టిన తారీకు. రాసింది కొత్తదైతేనే మళ్ళీ కడుతుంది, లేకపోతే ముట్టుకోదు.

పదకొండు నిమిషాలు కాస్తా రెండున్నరకి దిగింది. అమ్మిరాజు గారు "అనూరాధ గారండీ బాబూ" అన్నారు అందరికీ వినపడేలా.

జూలై 28

హ్యాచరీ నుంచి ముత్యాలరాజు గారి ఫోను. ఏ తొట్టికి ఎంత మేత వెయ్యాలో మన ప్రోగ్రాము కాగితం ఇస్తుంది. రెండు తొట్లలోని పిల్లల్ని ఒక తొట్టిలోకి కలిపితే మాత్రం మొదటి తొట్టి లెక్క రెండుసార్లు పడుతోందట. మేత ఎక్కువైపోతుంది. తినగా మిగిలింది కుళ్ళితే నీళ్ళు పాడై పిల్లలు చచ్చిపోతాయి. ఆయన ముందే చూసుకున్నారు కాబట్టి సరిపోయింది. కాగితం పైన హ్యాచరీ పేరు కూడా రావాలన్నారు.

రెండూ వీరబాబు ముక్కలే. ఈల వేసుకుంటూ గంటలో చేసేశానన్నాడు. ఈల వేసుకుంటూ చేసే పని మీద నాకు నమ్మకం లేదు.

ఆగస్టు 2, సోమవారం

బిల్డ్ సక్సెస్‌ఫుల్. రెండు నిమిషాల ఇరవై సెకన్లు.

సీడీ మీద 2.1 అని రాసి, రాజోలు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపించాను.

ఆగస్టు 4

ముత్యాలరాజు గారి భార్య చిన్నతల్లి గారు ఫోను చేసి "కాగితం మీద మా పేరు రాలేదండి" అన్నారు. కొత్త సీడీ వేశారా అని అడిగితే "ఆయ్, వేసేమండి" అన్నారు. పాత కాగితం చూస్తున్నారేమో, ఇంకోసారి చూడండన్నాను. కంప్యూటరు సంగతి ఆవిడకేం తెలుస్తుంది. లేదంటే వీరబాబు పేరు పెట్టడం మర్చిపోయి ఉంటాడు.

ఆగస్టు 6

హ్యాచరీలో ఒక తొట్టి మొత్తం పోయింది.

నిన్న రెండు తొట్లు కలిపారు. మన కాగితం ఇచ్చిన లెక్క ప్రకారం చిన్నతల్లి గారే మేత తూచి వేశారు. తెల్లారేసరికి పిల్లలన్నీ అడుగున తెల్లగా పడి ఉన్నాయట. ముత్యాలరాజు గారు అరవలేదు. "సరిచేసేమన్నారు కదండీ" అని ఫోను పెట్టేశారు. ఆ మాట నేనే విన్నాను, ఫోను ఎత్తింది నేనే.

ఆగస్టు 7

అమ్మిరాజు గారు వీరబాబుని పిలిచి ఈ నెలాఖరుతో మానెయ్యమన్నారు.

"నేను సరిచేసేనండి. అమ్మతోడు. నా మిషను మీద చూడండి."

చూశాం. అతని మిషను మీద రెండు తొట్లు కలిపితే మేత సరిగ్గానే వస్తోంది. పైన హ్యాచరీ పేరు కూడా ఉంది. అమ్మిరాజు గారు నా వైపు చూశారు. "తప్పు బయటపడ్డాక సరిచేసుకుని ఉంటాడండి" అన్నాను నేను.

అప్పుడు వీరబాబు నన్ను చూసిన చూపు గురించి రాయను.

ఆగస్టు 8, ఆదివారం

నా బిల్డులో తప్పు లేదు.

ఆగస్టు 9

సెట్టింగులు పద్నాలుగు లైన్లూ ప్రింటు తీసి, పెన్సిలుతో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ చదివాను. ఎక్కణ్ణుంచి తేవాలి, సరిగ్గా ఉంది. ఎక్కడ పెట్టాలి, సరిగ్గా ఉంది. వరస సరిగ్గా ఉంది. ఫెయిలైతే నాకు చెప్పాలి, ఉంది. మొదటి లైను నేను కావాలనే తీసేశాను, అది తప్పు కాదు, పుస్తకంలో కూడా తియ్యొచ్చనే ఉంది.

వీరబాబు వచ్చి "మీ మిషను మీద ప్రోగ్రాము ఓసారి తెరిచి చూద్దామండి" అన్నాడు. అక్కర్లేదన్నాను. "సక్సెస్‌ఫుల్ అని వచ్చింది కదా, ఇంక తెరిచేది ఏముంది?" అన్నాను. వెళ్ళిపోయాడు.

పద్నాలుగు లైన్లూ మూడు సార్లు చదివాను. తప్పు లేదు.

ఆగస్టు 10, మంగళవారం

రాత్రి భోజనం దగ్గర అమ్మ క్యాలెండరు చేతిలో పట్టుకుని కూర్చుంది. మా అమ్మకి అద్దాలు లేకుండా పంచాంగం ఒక్కటే కనిపిస్తుంది, మిగతావేవీ కనిపించవు.

"అధికం ఎప్పుడు పోతుందే? ఇదిగో. ఇరవయ్యో తారీకు మొదటి శుక్రవారం. ఇంకా పది రోజులుంది."

ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాను. ఇరవై. పప్పు బాగాలేదా అంది అమ్మ. బాగానే ఉందన్నాను.

జూలై ఇరవై ఒకటిన కట్టిన ముక్కలన్నింటి మీదా ఆగస్టు ఇరవై అని పడి ఉంటుంది. వీరబాబు సరిచేసింది జూలై ఇరవై ఎనిమిదిన. చీమ ఆ రెండు తారీకులూ పక్కపక్కన పెట్టి చూసి ఉంటుంది. కట్టిందే కొత్తది, రాసింది పాతది అనుకుని ఉంటుంది.

రేపు చూడాలి. కాకపోయి కూడా ఉండొచ్చు.

ఆగస్టు 11

అందరికన్నా ముందు వెళ్ళి తాళం తీశాను. ఫోల్డరు తెరిచి చూస్తే నూట పన్నెండు ఫైళ్ళు, అన్నిటి మీదా ఒకటే తారీకు, 20-8-2004. జూలై ఇరవై ఒకటి తర్వాత ఈ ఆఫీసులో ఎవరు ఏం రాసినా ఒక్క అక్షరం లోపలికి వెళ్ళలేదు. నేను మాత్రం రోజూ సక్సెస్‌ఫుల్ అని చూసి సంతోషపడుతున్నాను.

తుడిచే లైను తిరిగి పెట్టాను. బిల్డు కొట్టాను. పాతవన్నీ పోయాయి, కొత్తవి వచ్చాయి, అన్నిటి మీదా ఈ రోజు తారీకు. ప్రోగ్రాము తెరిచి రెండు తొట్లు కలిపితే మేత సరిగ్గా ఉంది. పైన హ్యాచరీ పేరు ఉంది.

అప్పటికి ఇంకా ఎవరూ రాలేదు. సెట్టింగు సరిచేశాను కాబట్టి ఇకముందు ఇలాంటిది జరగదు. సమస్య లేదు.

ఆగస్టు 12

సమస్య లేదు.

ఆగస్టు 13, శుక్రవారం

మధ్యాహ్నం వీరబాబు నా టేబులు దగ్గరికి వచ్చి, పాస్‌పోర్టు ఫారం టైపు చేసిపెట్టమని అడిగాడు. వాళ్ళ కొత్తపేటలో ఒక ఏజెంటు కువైట్ పంపిస్తాడట. కంప్యూటరు పనికి కాదు, గోడౌనులో సామాను మొయ్యడానికి.

"డిప్లమో చదివి మూటలు మొయ్యడమేంటి?"

"హ్యాచరీ పిల్లల్ని చంపినోడని ఇక్కడ పేరొచ్చేసిందండి. ఇంకెవరిస్తారండి పని?" ఫారం నా ముందు పెట్టి, "నేను సరిచేసేనండి టీచరు గారూ. మీరొక్కరు నమ్మినా చాలండి" అన్నాడు.

ఫారం టైపు చేశాను. ఒక్క తప్పు కూడా పడలేదు. తండ్రి పేరు సత్తియ్య, పుట్టిన తేదీ, ఊరు. ఇలాంటి పనితనం దేనికి?

ఇంటికొచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పి జూలై ఇరవై ఒకటి చదివాను. ఎవరికీ నష్టం లేని పని అని రాసుకున్నాను. నా అక్షరాలే. ఆ పేజీ చింపేద్దామనిపించింది. పరీక్షలో కాగితం చింపిన పిల్లల్ని నేనే బయటికి పంపేదాన్ని. చింపలేదు.

రేపు చెబుతాను.

ఆగస్టు 14

చెప్పాను.

అమ్మిరాజు గారు మొదట అర్థం కానట్టు చూశారు. మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. గడియారం జరిపిన సంగతి, లైను తీసేసిన సంగతి, చీమ తారీకులు పోల్చుకునే సంగతి. వింటూ వింటూ ఆయన ముఖం ఎర్రబడింది.

"మంచి ముహూర్తం పెడితే చెడు జరగడమేంటండీ? ఆ ముహూర్తం పెట్టింది నేను. అంటే తప్పు నాదంటారా?"

"జరిపిన చెయ్యి నాదండి. తప్పు నాదే."

"ఆ కుర్రాడు ఏడిస్తే మీ మనసు కరిగిందండి. మీరు పన్నెండేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినోరు. వాడి తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు. ఏవీ ఆ ఫైళ్ళు? చూపించండి."

తుడిచేశాను. వీరబాబు తప్పు లేదని చెప్పగలిగినవి అవే, పదకొండో తారీకు పొద్దున్నే వచ్చి నా చేత్తో నేనే తుడిచేశాను. అప్పుడు సెట్టింగు సరిచేస్తున్నానని రాసుకున్నాను. సరిచెయ్యడమే కాదు, దాచెయ్యడం కూడా. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంకెక్కడ నిజం రాస్తాను?

హ్యాచరీలో రెండు సీడీలు ఉన్నాయి. అవి ఎవరూ తుడవలేరు.

ఆగస్టు 15, ఆదివారం

"ఆదివారం, అమావాస్య, ప్రయాణమేంటే?" అంది అమ్మ. గుమ్మానికి అడ్డంగా నిలబడింది కూడా. మంచి రోజులు చూసుకునే ఇంత చేశానమ్మా, ఒక చెడ్డ రోజు కూడా చూస్తాను అన్నాను. ఆవిడకేం అర్థమైందో గానీ పక్కకి తప్పుకుని మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

రాజోలు బస్సు, అక్కడ మారి మలికిపురం, అక్కణ్ణుంచి ఆటో. దారి పొడుగునా బళ్ళ ముందు పిల్లలు కాగితం జెండాలతో నిలబడి ఉన్నారు. హ్యాచరీ సముద్రానికి ఎంత దగ్గరంటే, గేటు దగ్గరికెళ్ళేసరికే నా కళ్ళద్దాల మీద ఉప్పు పొర కట్టింది.

చిన్నతల్లి గారు ఒక తొట్టి కడుగుతున్నారు. పోయిన తొట్టి అదేనని అడక్కుండానే తెలిసింది.

"అమావాస్యపూట ఇంత దూరం వచ్చేరేంటండీ? రండి, రండి. ముందు మజ్జిగ తాగండి."

మజ్జిగ తాగకుండానే సీడీలు అడిగాను. ఆవిడ కంప్యూటరు మీద కప్పిన దుప్పటి తీసి, రెండూ తెచ్చిచ్చారు. నా మార్కరు రాత, 2.0, 2.1. ఒకదాని తర్వాత ఒకటి వేసి ఫైలు చూపించాను. సైజు ఒకటే. తారీకు ఒకటే. రెండో సీడీ మీద నేను నంబరు మార్చాను, లోపల ఏమీ మారలేదు.

చిన్నతల్లి గారు అంకెలు చదవగలరు. తెర మీద వేలు పెట్టి చూశారు. "ఇరవై, ఎనిమిదో నెల. ఇరవై ఇంకా రాలేదు కదండీ?"

"రాలేదండి."

"మరి రాని రోజున ఎలా చేసేరండి?"

మొత్తం చెప్పాను. ముత్యాలరాజు గారు ఎప్పుడొచ్చి నిలబడ్డారో గుమ్మంలో ఉన్నారు. అంతా విని తొట్ల వైపు వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ రోజు మేత తూస్తుంటే నా చేతికి తెలిసిందండి, ఎక్కువని" అన్నారు చిన్నతల్లి గారు. "మీ కాగితం మీద ఉంది కదా అని వేసేసేను. మా పేరు రాలేదని కూడా చెప్పేను కదండీ ముందే."

చెప్పారు. నేను వినలేదు. ఆవిడకి కంప్యూటరు సంగతి ఏం తెలుస్తుందని నాలుగో తారీకున ఇక్కడే రాసుకున్నాను. క్షమించమన్నాను. ఏడుపు ఆపుకుని బస్సెక్కాక ఏడ్చాను.

నేను బయల్దేరేటప్పుడు ముత్యాలరాజు గారు ఆటో దాకా వచ్చారు. "ఆ కుర్రోణ్ణి తీసెయ్యకండి మరి. ఆడు సరిచేసేడు కదా" అన్నారు. "కొత్తది తెస్తే ముందు మా ఆవిడ చూడాలండి. ఆవిడ సరేనంటేనే వాడతాం."

"మూడు తొట్లు కలిపితే ఎలాగండి?" అని వెనకనుంచి చిన్నతల్లి గారు అరిచారు. "ఒక్కోసారి మూడూ కలుపుతాం."

దాని గురించి మేము ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆగస్టు 16

అమ్మిరాజు గారి టేబులు మీద రెండు సీడీలు పెట్టాను. ఆయన అద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశారు. తారీకు చూశారు, గోడమీద క్యాలెండరు చూశారు, మళ్ళీ తారీకు చూశారు. అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"వీరబాబుని పిలవండి."

అందరి ముందూ నేనే చెప్పాను. అతను సరిచేశాడు, నేను కట్టలేదు, కట్టానని సీడీ మీద రాశాను, తెలిశాక మూడు రోజులు దాచాను.

అమ్మిరాజు గారు "ఉండిపోరా" అన్నారు. వీరబాబు "ఆయ్" అన్నాడు. నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు. మాట్లాడమని నేనెలా అడుగుతాను?

ఆగస్టు 18

పొద్దున్న వీరబాబు తన కుర్చీ ఈడ్చుకొచ్చి నా టేబులు పక్కన వేసుకున్నాడు. "ఆ ఫారం చింపేసేనండి" అన్నాడు.

ఇద్దరం కలిసి సెట్టింగుల్లో రెండు లైన్లు చేర్చాం. ఒకటి, కట్టిన ఏ ఫైలు మీదైనా ఇంకా రాని తారీకు ఉంటే బిల్డు ఆగిపోవాలి. రెండోది, కట్టడం అయ్యాక చీమే ప్రోగ్రాము నడిపి చూడాలి. రెండు తొట్లు కలిపి ఒకసారి, మూడు తొట్లు కలిపి ఒకసారి. చిన్నతల్లి గారు ఫోనులో చెప్పిన లెక్కతో సరిపోకపోతే సీడీ తయారవకూడదు.

తుడిచే లైను మొదట్లోనే ఉంది. పదకొండు నిమిషాలు పడుతుంది. పట్టనీ.

ఆగస్టు 20, శుక్రవారం

అమ్మ పొద్దున్నే తలంటు పోసుకోమని గొడవ. పోసుకుని, జడలో మల్లెపూలతో ఆఫీసుకెళ్ళాను. అమ్మిరాజు గారు కొత్త పంచె కట్టుకుని, అంబాజీపేట నుంచి తెప్పించిన కొబ్బరికాయతో నా కంప్యూటరు ముందు నిలబడి ఉన్నారు. ఈసారి తారీకు జరపక్కర్లేదు, అసలు ముహూర్తమే వచ్చింది. ఆయన ముఖం వెలిగిపోతోంది.

తొమ్మిదీ పన్నెండుకి బిల్డు కొట్టాను. ఆయన కాయ కొట్టారు. ఒక్క దెబ్బకి రెండు చెక్కలు. కరెంటు కూడా ఉంది.

తొమ్మిదీ ఇరవై రెండుకి "బిల్డ్ ఫెయిల్డ్" అని పడింది.

మూడు తొట్ల పరీక్ష దగ్గర ఆగిపోయింది. మూడు కలిపితే మూడో దాని లెక్క అసలు పడట్లేదు. వీరబాబు ముఖం పాలిపోయింది. "ఇది మాత్రం నాదేనండి" అన్నాడు.

నాకు మాత్రం, ఎలా రాయను, సంతోషమేసింది. జూలై ఇరవైన వచ్చిన సంతోషం కన్నా ఎక్కువ.

"ఆ పరీక్ష లైను ఒక్కటీ తీసెయ్యండి" అన్నారు అమ్మిరాజు గారు. "ముహూర్తం వెళ్ళిపోతోంది. కాయ కూడా కొట్టేసేను."

"తియ్యనండి."

"పోనీ రేపు సరిచేసి, తారీకు ఇవాళ్టిది వెయ్యండి. ఒక్క రోజే కదండీ వెనక్కి."

"వెయ్యనండి."

ఇన్నేళ్ళలో ఆయనతో నేనెప్పుడూ అలా మాట్లాడలేదు. ఆయన కొబ్బరి చెక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. చివరికి దాన్ని నా టేబులు మీద పెట్టి వెళ్ళిపోయారు. వీరబాబూ నేనూ ఆ కొబ్బరి తింటూ మూడో తొట్టి లెక్క ఎక్కడ పోతోందో వెతుక్కున్నాం.

ఆగస్టు 21, శనివారం

వీరబాబు నిన్న సాయంత్రమే సరిచేశాడు, ఈల వెయ్యలేదు. ఈల వేసుకోవయ్యా అన్నాను నేనే.

ఈ రోజు తొమ్మిదీ నలభైకి బిల్డు కొట్టాను. శనివారం, రాహుకాలం. అమ్మిరాజు గారు గది లోపలికి రాకుండా గుమ్మం అవతలే నిలబడి మెడ చాచి చూస్తున్నారు. తొమ్మిదీ యాభై ఒకటికి సక్సెస్‌ఫుల్ అని వచ్చింది. నేను లేవలేదు. ప్రోగ్రాము తెరిచాను. రెండు తొట్లు కలిపి చూశాను, మూడు కలిపి చూశాను, కాగితం తీసి పైన పేరు చూశాను. ఆ తర్వాతే సీడీ చేసి, 2.2 అని రాసి, కింద తారీకు కూడా రాశాను.

వీరబాబు దాన్ని డ్రైవరు చేతికివ్వలేదు. తనే బస్సెక్కి పట్టుకెళ్ళాడు.

సాయంత్రం ఆరింటికి చిన్నతల్లి గారు ఫోను చేశారు. ముందు మేత తన చేత్తో తూచుకుని, తర్వాతే కాగితం తీయించారట.

"రెండూ కలిసినియ్యండి. మీ కుర్రోడికి అన్నం పెట్టేను, తింటున్నాడు. పై వారం నుంచి వాడతామన్నారు ఆయన."

అమ్మిరాజు గారు నా పక్కనే నిలబడి వింటున్నారు. ఫోను పెట్టేస్తారేమో అనుకుంటుంటే ఆవిడే మళ్ళీ అన్నారు.

"ఆ ఫైలు తారీకు కూడా చూసేనండి. ఇవాళ్టిదే ఉంది."